అతుక్కుని ఉన్న నాలుగు స్టాంపులు

ఆ ఇంట్లో పంపకం అంటే మాటలు కాదు. నాన్న పోయిన నెలకి ముగ్గురు పిల్లలూ చేరి ఇంట్లో ఉన్నదంతా మూడు వాటాలు వేశారు. ఆరు కుర్చీలు తలా రెండు. బల్ల ఒక్కటే కాబట్టి దాన్ని అమ్మేసి, వచ్చింది పంచుకున్నారు. చెంచాల్లో రెండు మిగిలితే పక్కింటావిడకి ఇచ్చేశారు. హాల్లో కిటికీ పరదాలు రెండే ఉన్నాయి. రెండిటిని మూడు చెయ్యడం ఎలాగో తెలియక చాలాసేపు వాటి ముందు నిలబడి బుర్రలు గోక్కున్నారు. చివరికి చెల్లెలు కత్తెర తీసింది. ఇప్పుడు ముగ్గురి ఇళ్ళలోనూ ఏ కిటికీకీ చాలని పరదా ముక్కలు వేలాడుతున్నాయి.

దీనికంతటికీ కారణం ఆ నాన్నే. ఆయన తూనికలు కొలతల ఆఫీసులో పనిచేశారు. కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు సరిచూడటం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఆఫీసులోనే వదిలేసి ఇంటికొస్తే ఎంత బాగుండేది! వదల్లేదు మహానుభావుడు. కేకు ముక్క దగ్గర్నుంచి పెన్సిలు ముక్క దాకా ముగ్గురికీ తూచినట్టు రావాలి. ఎవరికైనా కాస్త ఎక్కువ వచ్చిందంటే ఆ ఎక్కువ వచ్చినవాళ్ళే లేచి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఆయన తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు, అన్నం తింటున్నంతసేపూ అలా చూసేవారు. అంతకన్నా రెండు దెబ్బలు వేసినా నయం అనిపించేది.

ఈ జబ్బు ముగ్గురిలోనూ పెద్దదానికే బాగా అంటుకుంది. తమ్ముడూ చెల్లెలూ ఆమెని అక్కా అంటారు కాబట్టి మనమూ అక్క అనే అందాం. అక్క నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుంటుంది. కుళాయి రావడం లేదని ఒకడు, వస్తోంది గానీ బురద వస్తోందని ఒకడు, బిల్లు మాత్రం శుభ్రంగా వస్తోందని ఇంకొకడు, పొద్దస్తమానం ఆమె మొహం మీదే గొంతు చించుకుంటారు. ఆఫీసులో తిరిగి అరవకూడదు. అందుకని అక్కడ మింగినదంతా ఇంటికి తెచ్చి, ఫోను తీసి తమ్ముడి మీదా చెల్లెలి మీదా కక్కుతుంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఉన్నది వీళ్ళిద్దరే, తిట్టాలన్నా వీళ్ళనే తిట్టాలి.

తమ్ముడు పరుపుల కొట్లో సేల్స్‌మన్. మనిషిని చూడగానే మెత్తటి పరుపు కొంటాడా గట్టి పరుపు కొంటాడా చెప్పేయగలనని గొప్పలు పోతాడు. చెల్లెలికి సొంతంగా చిన్న బ్యూటీపార్లర్ ఉంది. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, ఇద్దరికీ ఖర్చులున్నాయి, ఇద్దరూ ఎప్పుడూ హడావిడిలోనే ఉంటారు.

అన్నీ పంచేశాక చివరికి మిగిలింది నాన్న స్టాంపుల ఆల్బమ్. దిండంత లావుంటుంది. పంపకం నాడు దాన్ని ఎవరూ ముట్టుకోకముందే అక్క తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఇది నేను ఉంచుకుంటాను. ఊరికే కాదు. వెల కట్టిద్దాం. మూడో వంతు నాది, మిగతా రెండు వాటాల డబ్బూ మీ ఇద్దరికీ ఇచ్చేస్తాను" అంది.

"అలాగేలే అక్కా" అన్నాడు తమ్ముడు. "కాకపోతే సరిగ్గా వెల కట్టించు. పాత స్టాంపులంటే మాటలా? లక్షలు, కోట్లు పలుకుతున్నాయి."

అక్క గుండె గుభేలుమంది. ఆమె పళ్ళు కట్టించుకోవడానికి దాచుకున్న డబ్బు ఉంది. రెండు నెలల జీతమంత. ఎడమ వైపు నమలడం మానేసి, పళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంది. ఆల్బమ్ ఆ డబ్బుకి అందితే చాలు. లోకంలో వారసత్వంగా వచ్చిన వస్తువుకి తక్కువ వెల పలకాలని కోరుకున్న మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

ఆ ఆల్బమ్ మీద అంత ప్రాణం ఎందుకంటే, చిన్నప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం నాన్న ఒక వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, కవర్ల మీద నుంచి కత్తిరించిన స్టాంపుల్ని అందులో వదిలేవారు. వెనక జిగురు కరిగి స్టాంపు తనంతట తాను కాగితాన్ని వదిలేదాకా ఆగాలి. తొందరపడితే చిరుగుతుంది. తమ్ముడికి ఆగడం చేతకాదు. చెల్లెలికి అసలు కూర్చోవడమే చేతకాదు. అక్క ఒక్కతే గిన్నె పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చునేది. పెద్దగా మాటలేం ఉండేవి కావు. కానీ ఆ గిన్నె దగ్గర మాత్రం నాన్న ఏదీ తూచలేదు, దేన్నీ మూడు చెయ్యలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమెకి వాటాలు వెయ్యకుండా దొరికినవి ఆ మధ్యాహ్నాలే. ఈ మాట ఆమె తమ్ముడికీ చెల్లెలికీ చెప్పలేదు. చెబితే దానికీ వాటా అడుగుతారేమోనని భయం.

వెల కట్టేవాణ్ణి వెతకడంతోనే తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి స్టాంపులు కొని అమ్మే పెద్దాయన ఒకాయన దొరికాడు. మెడలో తాడుకి భూతద్దం వేలాడుతూ ఉంటుంది. అక్క మనసులో ఆయనకి భూతద్దం అనే పేరు పెట్టేసింది. మొదటిసారి వచ్చి, కూర్చోకుండానే ఫ్యాన్ ఆపమన్నాడు, స్టాంపులు ఎగిరిపోతాయని. కిటికీలు మూయమన్నాడు. టీ వద్దన్నాడు, ఒలుకుతుందని. అక్కని గట్టిగా ఊపిరి వదలొద్దన్నాడు. చెమటలు కారుతూ ఆమె గోడకి ఆనుకుని నిలబడితే, ఆయన పది పుటలు తిప్పి, "ఇక్కడ వెలుతురు చాలదమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు.

రెండోసారి వచ్చినప్పుడు వెలుతురు ఉంది, ఆయన మెడలో భూతద్దం లేదు. ఇంట్లో మర్చిపోయాడట.

"ఉజ్జాయింపుగానైనా చెప్పండి. ఎక్కువా, తక్కువా?" అంది అక్క పళ్ళు నూరుతూ, కుడి వైపు పళ్ళే.

"ఎక్కువ కావచ్చు. కాకపోనూవచ్చు" అన్నాడాయన తాపీగా.

ఈలోపు తమ్ముడు ఫోన్లో పనీపాటా లేకుండా వెతికి, ఇలాంటిదే అలాంటిదే అని ఫొటోలు పంపడం మొదలుపెట్టాడు. ఎక్కడో ఎవడో ఒక గుర్రం బొమ్మ స్టాంపు అమ్మి మేడ కట్టాడట. మన ఆల్బమ్‌లోనూ గుర్రం ఉందిగా అంటాడు. "ఒరేయ్, మనది గాడిద బొమ్మరా. కావాలంటే అద్దంలో చూసుకుని పోల్చుకో" అని అక్క తిరిగి రాసింది. అయినా ఆ రాత్రి లేచి లైటు వేసి గాడిదని ఇంకోసారి చూసుకుంది. గాడిదే. హమ్మయ్య అనుకుని పడుకుంది.

మరునాడు చెల్లెలు ఫోన్ చేసి, నవ్వుతూనే, "ఏంటక్కా, ఆయన రెండుసార్లు వచ్చీ ఏమీ చెప్పలేదా? తక్కువ చెప్పమని నువ్వేమైనా చెవిలో ఊదావా?" అంది.

వేళాకోళానికే అంది. కానీ తక్కువ పలకాలని రోజూ మొక్కుకుంటున్న మనిషికి ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేసి, ఆల్బమ్‌ని తువ్వాల్లో చుట్టి, ఆటో ఎక్కి, నేరుగా పార్లర్‌కి వెళ్ళింది. ఎవరికో జుట్టుకి రంగు పూస్తున్న చెల్లెలి ముందు ఆల్బమ్ పెట్టి, "ఇదిగో. వెల తేలేదాకా నీ దగ్గరే ఉంచుకో. ఆయన్ని ఇక్కడికే రమ్మంటాను. మీ ఇద్దరి కళ్ళ ముందే చూస్తాడు. నేను ఆయన చెవి దగ్గరికి కూడా రాను" అంది.

"అయ్యో, ఊరికే అన్నానే అక్కా!"

"ఊరికే అన్నావు కాబట్టే తెచ్చాను. నిజంగా అనుంటే నీ మొహాన విసిరి కొట్టేదాన్ని."

రంగు పూయించుకుంటున్నావిడ అద్దంలోంచి బిక్కమొహం వేసుకుని చూసింది.

పార్లర్‌కి సెలవు ఆదివారం. ఆ ఆదివారం భూతద్దం గారు వచ్చి, అద్దాల చుట్టూ వెలిగే బల్బుల్ని చూసి, "ఆహా, వెలుతురంటే ఇదీ!" అని మురిసిపోయాడు. తమ్ముడు షాంపూ సీసాలు జరిపి చోటు చేశాడు. జుట్టు ఆరబెట్టే మిషన్ల ప్లగ్గులన్నీ పీకించి గాని ఆయన ఆల్బమ్ తెరవలేదు. పుట పుటకీ గొణుగుడు. ఇది మామూలుది. ఇది చిల్లు పడింది. ఇది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. దొరుకుతుంది అన్నప్పుడల్లా తమ్ముడి మొహం వాడిపోతోంది, అక్క మొహం విచ్చుకుంటోంది. ఆ విచ్చుకోవడం చెల్లెలికి కనబడకుండా ఆమె రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

ఆల్బమ్‌లో ముప్పాతిక అయ్యేసరికి ఆయన మొత్తానికి ఇంతని ఒక అంకె చెప్పాడు. అక్క మనసులో లెక్క కట్టుకుంది. ఆమె మూడు నెలల జీతం. అందులో రెండు వాటాలంటే రెండు నెలలది. పళ్ళ డబ్బు! సరిగ్గా పళ్ళ డబ్బు! సంతోషం పట్టలేక ఆమె తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఏంటక్కా?"

"దోమ" అంది.

అప్పుడే భూతద్దం గారు ఇంకో పుట తిప్పి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆ పుటలో నాలుగే స్టాంపులు. నిజానికి నాలుగూ కలిసి ఒక్కటే. రెండు పైన, రెండు కింద, విడదీయకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. నీలం రంగులో లైట్‌హౌస్ బొమ్మ. ఎప్పుడో పేరు మార్చేసుకున్న ఒక చిన్న దేశానివి. ఓడల కంపెనీలో కాటాలు చూడ్డానికి వెళ్ళిన నాన్న, వాళ్ళ చెత్తబుట్టలో ఈ కవరు చూసి అడిగి తెచ్చుకున్నారు. అక్కకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ జిగురు ఎంతకీ వదల్లేదు. నీళ్ళు చల్లారడం, ఆయన మళ్ళీ వేడినీళ్ళు కలపడం, అలా సాయంత్రమైంది. చివరికి వదిలాక నాన్న తన చేతులు వెనక్కి తీసుకుని, "నా వేళ్ళు మొద్దువి. నువ్వు తియ్యి" అన్నారు. నాలుగూ ఒక్కసారే, చిరగకుండా, ఆమె అరచేతిలోకి వచ్చాయి. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ ఒక్క ముక్కలోనే ఉండేది. ఆ రోజు "భేష్" అన్నారు. ఆ భేష్‌ని మూడు చెయ్యలేదు.

"ఈ స్టాంపు విడిగా అయితే దొరుకుతుంది" అన్నాడు భూతద్దం గారు, గొంతు తగ్గించి. "అప్పట్లో అందరూ చించి ఒక్కొక్కటే అంటించేవాళ్ళు. ఇలా నాలుగు కలిసి ఉన్నది నేను ఇంతవరకూ కళ్ళతో చూడలేదు."

"ఎంతండీ?" అన్నారు తమ్ముడూ చెల్లెలూ ఒక్క గొంతుతో.

ఆయన చెప్పాడు. చెల్లెలు వెనక ఉన్న కుర్చీలో కూలబడింది. అది ఎత్తు తగ్గే పార్లర్ కుర్చీ, ఆమెతో పాటు బుస్సుమంటూ కిందకి దిగింది. అక్క మళ్ళీ లెక్క కట్టుకుంది. రెండేళ్ళ జీతం. ఈసారి ఎవరి వీపూ చరచలేదు.

భూతద్దం గారు చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళాడు. ముగ్గురూ మిగిలారు. తమ్ముడు అక్క మొహం చూసి గబగబా, "పోనీలే అక్కా, నువ్వే ఉంచుకో. మాకేం వద్దు. ఏమంటావే?" అని చెల్లెల్ని చూశాడు. చెల్లెలు అవునన్నట్టు తల ఊపింది.

అంతే, అక్క భగ్గుమంది. "ఎవరి దయా నాకక్కర్లేదు! ఏంట్రా, దానకర్ణుడివా? నీ కొడుకు ఫీజు కట్టడానికి నువ్వెన్ని చోట్ల దేవులాడుతున్నావో నాకు తెలియదా? ఏమే, ఈ గది అద్దె పెంచాడని మొన్న నా దగ్గర ఏడవలేదూ? ఇంత డబ్బు మీ నోటి దగ్గర నుంచి లాక్కుని నేను బొమ్మలు చూసుకుంటూ కూర్చోవాలా? నాన్న బతికుంటే ఎలా చూసేవారు?"

నాన్న చూపు గుర్తొచ్చి ముగ్గురూ ఒక్క క్షణం తల దించుకున్నారు.

"పోనీ ముగ్గురిదీ అనుకుందాం. తలా నాలుగు నెలలు ఒకళ్ళ దగ్గర ఉంచుకుందాం" అంది చెల్లెలు.

"ఇస్త్రీ పెట్టె అలాగే ఉంచుకున్నాం. ఏమైంది?"

ఇస్త్రీ పెట్టె రెండో నెలలోనే తమ్ముడింట్లో కాలిపోయింది. దాని గురించి ఇప్పటికీ కలిసినప్పుడల్లా గొడవే. అందుకని చెల్లెలు నోరు మూసుకుంది.

తమ్ముడు కాసేపు తల గోక్కుని, "అయితే అక్కా, ఈ నాలుగూ అమ్మేద్దాం. డబ్బు మూడు భాగాలు చేసుకుందాం. మిగతా ఆల్బమ్ అంతా నువ్వు కొనుక్కో. అందరికీ బాగుంటుంది కదా" అన్నాడు.

అంతకన్నా తెలివైన మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. వంక పెట్టడానికి లేదు. పైగా అక్కకీ బోలెడు డబ్బు వస్తుంది, రెండు వైపులా పళ్ళు కట్టించుకోవచ్చు. ఆ పుట లేకపోతే మిగతా ఆల్బమ్ ఆమెకి ఎందుకో మాత్రం ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. చెబితే మళ్ళీ దయ చూపిస్తారు. ఆ లైట్‌హౌస్‌ల వైపు ఒకసారి చూసి, "సరే" అంది.

తిట్టలేదు. ముక్కు ఎగబీల్చలేదు. ఒరేయ్ అనలేదు. "సరే" అంది, బ్యాగు తీసుకుంది, వెళ్ళిపోయింది. భూతద్దం గారు కొనేవాళ్ళతో మాట్లాడి, వచ్చే ఆదివారం నాలుగు స్టాంపులూ తీసుకెళతానన్నాడు. ఆల్బమ్ ఎలాగూ పార్లర్‌లోనే ఉంది.

ఆ వారమంతా అక్కకి ఏ పని మీదా మనసు లేదు. బుధవారం నాడు ఒక పెద్దమనిషి కిటికీ దగ్గరికొచ్చి, మీ ఆఫీసు తగలెయ్య, మీ పైపులు తగలెయ్య అని శాపనార్థాలు మొదలుపెట్టాడు. "నిజమేనండీ, మాదే తప్పు" అంది అక్క మెత్తగా. ఆయన కంగారుపడి, "ఏమ్మా, ఒంట్లో బాగుందా?" అని అడిగి, ఫిర్యాదు కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయాడు. తమ్ముడు ఫోన్ చేస్తే "ఊఁ" అంది. చెల్లెలు ఫోన్ చేస్తే "ఊఁ" అంది. "అక్కా, నన్ను ఒకసారి తిట్టవే, భయమేస్తోంది" అంది చెల్లెలు. దానికీ "ఊఁ" అంది.

ఆమెకి తన మీద తనకే చిరాకుగా ఉంది. ముసలితనం దగ్గరపడుతున్న మనిషి, వేలెడంత కాగితం ముక్క కోసం ఇదేం బెంగ? డబ్బొస్తోంది, అందరి కష్టాలూ గట్టెక్కుతాయి. నలుగురికి చెబితే నవ్వుతారు. ఇలా అన్నీ తనకి తనే చెప్పుకుని, తనకి తనే విసుక్కుంది. బెంగ మాత్రం వదల్లేదు.

ఆదివారం రానే వచ్చింది. అక్క పార్లర్‌కి వెళ్ళేసరికి భూతద్దం గారు తెల్లని చొక్కా వేసుకుని, చంకలో గట్టి అట్టల సంచీతో, పెళ్ళికొడుకులా తయారై కూర్చున్నాడు. తమ్ముడూ చెల్లెలూ వెనక గోడకి పక్కపక్కనే అంటుకుపోయి నిలబడ్డారు. చిన్నప్పుడు ఏదైనా పగలగొడితే వాళ్ళిద్దరూ సరిగ్గా అలాగే నిలబడేవాళ్ళు. అక్క అది గమనించింది గాని, ఏమై ఉంటుందా అని ఆలోచించే ఓపిక లేకపోయింది.

భూతద్దం గారు పుట తిప్పాడు. భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. తీసేశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన చప్పుడు మాట కాదు, కేకా కాదు. పక్క కొట్టువాడు తొంగి చూసి వెళ్ళాడు.

స్టాంపులు నాలుగూ ఆ పుటలోనే ఉన్నాయి. రెండు పైన, రెండు కింద. కాకపోతే నాలుగింటి మధ్యా సన్నటి తెల్లటి సందు ఉంది. ఎవరో చక్కగా, ఓపిగ్గా, చిల్లుల గీత వెంట విడదీసి, మళ్ళీ వాటి చోట్లో వాటిని పేర్చి పెట్టారు.

"ఎవరు? ఎవరు చించారు?" అన్నాడాయన.

"పాపిడి తీసే దువ్వెన తోకతో ముందు మడత పెట్టి, తర్వాత విడదీశానండీ. స్టాంపు అంచుల్లో ఒక్క పన్ను కూడా చిరగలేదు, చూడండి" అంది చెల్లెలు, కాస్త గర్వంగానే.

అక్క పార్లర్ కుర్చీ పట్టుకుంది. "ఎందుకే? ఎందుకు చేశావే ఈ పని?"

"నేనే చెయ్యమన్నాను" అన్నాడు తమ్ముడు ముందుకొచ్చి. "నువ్వు సరే అని వెళ్ళిపోయావు. తిట్టకుండా వెళ్ళిపోయావు. మాకు నిద్ర పట్టలేదక్కా. నీకవి కావాలని మాకు తెలియదా? ఊరికే తీసుకోమంటే చస్తే తీసుకోవు. కొనుక్కోమంటే నీ దగ్గర లేదు. ఇంక వాటి ధర తగ్గించడం ఒక్కటే దారి. మా కొట్లో అంతే. తెలిసినవాడెవడైనా డబ్బు చాలక నిలబడితే, మా యజమాని ఊరికే తగ్గించడు. అప్పుడు నేను వెనక్కెళ్ళి పరుపు కవరు కుట్టు కాస్త ఊడదీసి తెస్తాను. కవరు చిరిగితే సగం ధరే. పడుకునేవాడికి ఏం తేడా? పరుపు అదే పరుపు."

"ఇది పరుపుట్రా!"

"కాదు. కానీ నాలుగూ అక్కడే ఉన్నాయిగా."

"సగం ధరైతే మాత్రం నేను కొనగలనా రా, లెక్కలు రాని వెధవా?"

"అందుకేగా, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపించాను. సగం, మళ్ళీ అందులో సగం. ఏదో కాస్త కిందామీదా పడితే నీకు అందుతుందని."

"సగంలో సగమా!" అని భూతద్దం గారు నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యా, వాటి విలువంతా అవి అతుక్కుని ఉండటంలోనే ఉందయ్యా. ఇప్పుడివి నాలుగూ కలిపినా ఓ గుమాస్తా నెల జీతం కూడా చెయ్యవు."

తమ్ముడి మొహంలో రక్తం లేదు. ఇంత పోతుందని వాడూ అనుకోలేదు. వాడు గోడకి చేరగిలబడి, "నెల జీతమేనా?" అన్నాడు నీళ్ళు నములుతూ.

అప్పుడు మొదలుపెట్టింది అక్క. వారం రోజులుగా దాచినదంతా బయటికొచ్చింది. గాడిదల్లారా అంది. బుద్ధి ఉందా అంది. వాడి కొడుకు ఫీజు, దీని గది అద్దె, వాళ్ళ తెలివితేటలు, ఇస్త్రీ పెట్టె, పరదాలు, ఒక్కటీ వదల్లేదు. చించే ముందు ఈయన్ని ఒక్క మాట అడిగి చావొచ్చు కదా అంది. రెండేళ్ళ జీతం దువ్వెన తోకతో చించి పారేశారు కదరా అంది. భూతద్దం గారు మధ్యలో అవునమ్మా, అలా అడగండి అని వంత పాడాడు. మీరు కాసేపు నోరు మూసుకోండి అని ఆయన్నీ కసిరింది. తమ్ముడూ చెల్లెలూ తలలు వంచుకుని వింటున్నారు. వాళ్ళిద్దరి మొహాల్లోకీ మెల్లిగా రంగు తిరిగి రావడం ఆమె చూసింది. చూసిన కొద్దీ ఇంకా ఒళ్ళు మండింది, ఇంకా తిట్టింది.

చివరికి ఆయాసం వచ్చి ఆగింది. "ఇప్పుడు నేనిది తీసుకోలేను" అంది. "మీ ఇద్దరూ ఇంత పోగొట్టుకున్నాక ఆ చిల్లర మీ చేతిలో పెట్టి ఇది పట్టుకెళ్ళి ఇంట్లో పెట్టుకోనా? మీకు రావలసింది మీకు రాలేదు. ఇది సమానం కాదు. నేను ఒప్పుకోను."

చెల్లెలు గోడ దగ్గర నుంచి కదిలి వచ్చి అక్క పక్కన నిలబడింది.

"ఎందుకు సమానం కాదే? నీ వాటా కూడా పోయిందిగా" అంది. "ముగ్గురికీ సమానంగానే పోయింది."

అక్క నోరు తెరిచింది. వెతికింది. నాన్న నేర్పిన లెక్కలన్నీ ఒకసారి తిరగేసింది. ఎక్కడా తప్పు దొరకలేదు. ఇంత పెద్ద నష్టాన్ని ఇద్దరు గాడిదలు కలిసి చివరి పైసా దాకా మూడు భాగాలు చేసి తెచ్చి ఆమె ముందు పెట్టారు. తనకి మాత్రం నాలుగు స్టాంపులూ పెట్టారు.

"అమ్మా, ఇప్పుడు ఆల్బమ్ మొత్తానికి వెల కట్టమంటారా?" అన్నాడు భూతద్దం గారు నీరసంగా.

అక్క కుర్చీలో కూర్చుని, ఆల్బమ్‌ని ఒళ్ళోకి లాక్కుని, ఆ పుట మీద కన్నీళ్ళు పడకుండా దూరంగా పట్టుకుని, తమ్ముడూ చెల్లెలూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది.